బైపాస్ కెపాసిటర్ ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: ఎన్‌ఈ 5532 ఐసీతో ప్రీయాంప్లిఫయర్ తయారు చేసుకున్నాను. గాయకుల గొంతులో ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర గరగరమని వినిపిస్తోంది. పాట ఆపేసినా ఐసీ మీద వేలు ఆనించలేనంత వేడి ఉంటోంది. పవర్ సప్లయ్‌లోని 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లకు సమాంతరంగా ఖరీదైన 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు వేస్తే నాదం తేటపడుతుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ ఖర్చు పెట్టకండి. ఈ ఐసీ ఊరికే ఉన్నప్పుడు కూడా సుమారు 8 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది కనుక గోరువెచ్చగా ఉండటం సహజమే. అయితే మీరు చెప్పిన వేడి, దానికి తోడైన గరగర చూస్తే, అది మన చెవికి అందని మెగాహెర్ట్జ్ స్థాయిలో ఆసిలేట్ అవుతోందని, అంటే సిగ్నల్ లేకున్నా తనంతట తానే కంపిస్తోందని ముందుగా అనుమానించాలి.

పవర్ సప్లయ్‌లో ఎంత పెద్ద కెపాసిటర్ ఉన్నా, అక్కడి నుంచి ఐసీ దాకా వచ్చే తీగకు మిల్లీమీటరుకు దాదాపు ఒక నానోహెన్రీ చొప్పున ఇండక్టెన్స్ (కరెంటు వేగంగా మారడాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది. పాట వినిపించే పరిధిలో దాన్ని లెక్కచేయనక్కరలేదు గానీ, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 150 మిల్లీమీటర్ల తీగ సుమారు 9 ఓముల అడ్డుగా నిలుస్తుంది. ఈ ఐసీకి అంతటి వేగంలోనూ ఇంకా చురుకుదనం ఉంటుంది కనుకనే ఈ ఆసిలేషన్ చిక్కు వస్తుంది.

బోర్డు తిరగేసి, ఐసీ 4వ, 8వ కాళ్ల మధ్య ఒక 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ను, దాని కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి, నేరుగా సోల్డర్ చేయండి. తీగ అడ్డును తప్పించే బైపాస్ కెపాసిటర్ అంటే ఇదే. గ్రౌండ్‌కు కాకుండా రెండు సప్లయ్ కాళ్ల మధ్యనే వేయమనడానికి కారణం ఉంది: సప్లయ్ తీగల్లో పారే, ఆకారం చెడిన కరెంటు సిగ్నల్ గ్రౌండ్‌లోకి చేరితే అదే కొత్త డిస్టార్షన్‌గా వినిపిస్తుంది.

ఇక ఫిల్మ్ కెపాసిటర్ సంగతి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ చూపే అడ్డు 80 ఓములు. పక్కనున్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ చూపేది ఒక ఓములో చిన్న భాగం మాత్రమే. సింహద్వారం తెరిచి ఉండగా కిటికీలోంచి వెళ్లేవారెవరు? సిగ్నల్ నడిచే దారిలో మాత్రం ఫిల్మ్ రకానికే నా ఓటు, ఎందుకంటే ఎక్స్‌7ఆర్ లాంటి సిరామిక్ విలువ వోల్టేజీని బట్టి మారిపోయి పాటను వికృతం చేస్తుంది. సప్లయ్ దగ్గర ఆ దోషం బాధించదు.

ఇంత చేసినా వేడి తగ్గకపోతే, అవుట్‌పుట్‌కు తగిలించిన పొడవాటి కేబుల్ తీసి చూడండి. అప్పుడు చల్లబడితే, అవుట్‌పుట్‌తో వరుసగా 100 ఓముల రెసిస్టర్ ఒకటి వేసి కేబుల్ మళ్లీ తగిలించండి.