వైరస్ జన్యువులను దొంగిలించిందా, ఎత్తిరాసుకుందా?

సందేహం: అయ్యా, కపోసి సార్కోమా అనే క్యాన్సర్‌తో సంబంధమున్న హెర్పిస్ వైరస్ గురించి వ్యాసం రాస్తున్నాను. 'ఈ వైరస్ తన ఆతిథేయ కణాల నుంచి జన్యువులను సంక్రమించుకుంటుంది' అని రాశాను. చదివిన మిత్రుడు అది తప్పన్నాడు, 'దొంగిలిస్తుంది' అని దిద్దాడు. ఏది సరైనది? 'ఆతిథేయ'లో మొదటి అక్షరం దీర్ఘమేనా?

సమాధానం: చిన్నదానితో మొదలుపెడతాను. దీర్ఘమే. దారి అనే అర్థమున్న 'పథి' నుంచి 'పాథేయం' వచ్చినట్టే 'అతిథి' నుంచి 'ఆతిథేయ' వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో 'అతిథేయి' బాగా పాతుకుపోయింది, చదివేవారికి అర్థమూ అవుతుంది. వైరస్‌కు ఆశ్రయమిచ్చే కణాన్ని నేనైతే మీలాగే 'ఆతిథేయ కణం' అంటాను.

ఇక క్రియ సంగతి. 'సంక్రమించు' అకర్మకం. ఆస్తి వారసులకు సంక్రమిస్తుంది, జబ్బు ఒకరి నుంచి ఒకరికి సంక్రమిస్తుంది. సంక్రమించే వస్తువే అక్కడ కర్త. దాన్ని ఎవరూ 'సంక్రమించుకోరు'. 'జన్యువులు వైరస్‌కు సంక్రమించాయి' అంటే వ్యాకరణం కుదురుతుంది కానీ, వైరస్ కథలో ఆ మాట వినగానే పాఠకుడికి అంటువ్యాధే గుర్తొస్తుంది. అందుకని ఇక్కడ దాన్ని వదిలెయ్యండి.

మీ మిత్రుడు చెప్పిన 'దొంగిలించు' వినడానికి బాగుంది, నాకు మాత్రం తృప్తిగా లేదు. దొంగ ఎత్తుకెళ్లాక సొంతదారు దగ్గర వస్తువు ఉండదు. ఇక్కడ కణం జన్యువు కణంలోనే ఉంది, వైరస్ దగ్గర ఉన్నది నకలు. అదెలా తెలిసిందో చూస్తే సరైన మాట దానంతటదే దొరుకుతుంది. మన జన్యువుల్లో చాలావాటి మధ్యమధ్యలో ప్రోటీన్ తయారీకి పనికిరాని ముక్కలు, ఇంట్రాన్లు, ఉంటాయి. కణం జన్యువును ఆర్ఎన్ఏగా రాసుకుని, ఆ ముక్కలు కత్తిరించి, సాపు ప్రతి తయారు చేసుకుంటుంది. వైరస్‌లో కనిపించే ఈ తరహా జన్యువుల్లో చాలావరకు ఆ ముక్కలు లేవు. అంటే నకలుకు మూలం చిత్తుప్రతి కాదు, సాపు ప్రతి అని శాస్త్రవేత్తల ఊహ. దీనికి మన భాషలో చక్కని మాట ఉంది: ఎత్తిరాసుకోవడం.

శాస్త్రవేత్తలు దీన్ని 'మాలిక్యులర్ పైరసీ' అంటారు. 'పైరసీ'ని మనం సముద్రపు దొంగతనానికి పెద్దగా వాడం, సినిమాకు అనుమతి లేకుండా నకలు తీయడానికి వాడతాం. కాబట్టి తెలుగులో ఆ ఆంగ్ల పదం 'దొంగతనం' కన్నా దగ్గరగా ఉంది. శీర్షికలో నిరభ్యంతరంగా వాడండి.

ఎత్తిరాసినప్పుడు పాఠం మారుతుందన్నది తాళపత్రాలతో పనిచేసే మాకు రోజూ ఎదురయ్యే విషయం. ఈ వైరస్‌లోనూ అదే కనిపిస్తుంది. మనలో ఐఎల్-6 అనే ప్రోటీన్ ఉంది, కణాలకు సంకేతం ఇవ్వడం దాని పని. వైరస్ దగ్గరున్న ఐఎల్-6లో అమైనో ఆమ్లాలు మన దానితో పోలిస్తే పాతిక శాతం దాకానే కలుస్తాయి. అయినా పని చేస్తుంది, పైగా స్వేచ్ఛగా చేస్తుంది. మన ఐఎల్-6 ముందు తన సొంత గ్రాహకాన్ని, అంటే సంకేతం అందుకునే ప్రోటీన్‌ను, పట్టుకుని, ఆ తర్వాతే జీపీ130 అనే మరో ప్రోటీన్‌ను కదిలించాలి. వైరస్ ప్రతికి మొదటి మెట్టు అక్కర్లేదు, నేరుగా జీపీ130తోనే సంకేతం పంపగలదు. కణవిభజనను నడిపించే సైక్లిన్ అనే ప్రోటీన్ కూడా అంతే. కణవిభజనకు కళ్లెం వేసే ప్రోటీన్లు మన సైక్లిన్‌ను ఆపినంత తేలిగ్గా వైరస్ సైక్లిన్‌ను ఆపలేవు. కణం తనంతట తాను చనిపోకుండా అడ్డుపడే బీసీఎల్-2కూ వైరస్‌లో ఒక ప్రతి ఉంది. కళ్లెం తెగిన ఇలాంటి పాఠాంతరాలు క్యాన్సర్‌కు దారితీయడంలో పాలు పంచుకుంటాయి. అందుకే ఆ ప్రతుల గురించి 'ఎత్తిరాసుకుని మార్చుకున్న జన్యువులు' అంటే మీ వ్యాసానికి నిండుదనం వస్తుంది.

మీ ఇద్దరి వాక్యాల్లోనూ ఉన్న అసలు చిక్కు కాలానిది. 'సంక్రమించుకుంటుంది', 'దొంగిలిస్తుంది' అంటే ప్రతి రోగి శరీరంలోనూ ఇప్పుడు జరుగుతున్న పని అనిపిస్తుంది. చదివే రోగికి ఎంత టెన్షన్! యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అనే శాస్త్రవేత్తలు ఈ వైరస్‌ను 1994లో గుర్తించారు, కానీ ఎత్తిరాత అంతకు ఎన్నో యుగాల ముందటిది. కోతుల్లో ఉండే దీని దగ్గరి బంధువు వైరస్‌లోనూ ఐఎల్-6 పోలిక జన్యువు ఉంది, అంటే ఆ రెండు వైరస్‌లూ వేరుపడకముందే ఎత్తిరాత జరిగి ఉండవచ్చు. అందుకే భూతకాలం కావాలి. 'మనిషి కణాల నుంచి' అనకుండా 'ఆతిథేయ కణాల' అని మీరు రాయడమూ మేలే.

ఇలా రాయండి: 'ఈ వైరస్ పూర్వీకులు ఎప్పుడో తమ ఆతిథేయ కణాల జన్యువులను ఎత్తిరాసుకున్నాయి.'

'రాసుకున్నాయి' అంటే వైరస్‌కు బుద్ధి, ఉద్దేశం అంటగట్టినట్టు కాదా అని మీ మిత్రుడు అడగవచ్చు. తెలుగులో 'కొను' చేరినంత మాత్రాన సంకల్పం ఉన్నట్టు కాదు. గాలికి తలుపు మూసుకుంటుంది, ఇనుముకు తుప్పు పట్టుకుంటుంది.