టిబెటన్లకు ఒక రూలు, రోహింగ్యాలకు ఇంకో రూలు ఎందుకు?

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలైన రోహింగ్యాల గుడిసెలు చూసి, టిబెటన్లకున్న సదుపాయాలు వీళ్లకెందుకు లేవని ఒకరు అడిగారు. అసలు సంగతి, శరణార్థుల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టమే లేదు. శరణార్థులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంపై భారత్ సంతకం పెట్టలేదు. కాబట్టి ఎవరిని ఎలా చూడాలన్నది చాలావరకు కేంద్రం ఇష్టం. టిబెటన్లకు కర్ణాటకలోని బైలకుప్పెలో 1960ల్లోనే సాగుభూమి దొరికింది, 2014లో పునరావాస విధానమూ వచ్చింది. శ్రీలంక తమిళులకు తమిళనాడు శిబిరాల్లో నెలనెలా డబ్బు అందుతుంది. రోహింగ్యాలను మాత్రం కేంద్రం అక్రమ వలసదారులంటుంది. బాలాపూర్‌లో ప్లాస్టిక్, చిత్తుకాగితాలు ఏరుకుని బతికే మనిషి దగ్గర ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఉన్నా, అది చూపిస్తే ఆధార్ రాదు. ప్రాణభయంతో వచ్చినవాళ్ల మధ్య ఈ తేడా నాకు అన్యాయమే అనిపిస్తుంది. కొన్ని పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లకు పౌరసత్వమిచ్చే 2019 పౌరసత్వ సవరణ చట్టంలోనూ మయన్మార్ పేరు లేదు, ముస్లింలకు చోటు లేదు.