ఆ సినిమా చూడకుండా మా ఆవిడను ఎలా ఆపాలి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాది రాజమండ్రి. చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది, రెండేళ్లుగా బేరాల్లేవు. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది, ఈమధ్యే మేనేజరైంది. నెల రోజుల్లో ‘మహానటి’ నాలుగుసార్లు చూసింది. చూసినప్పుడల్లా ఏడుస్తుంది. ఏమైందని అడిగితే ‘కీర్తి సురేష్ ఎంత బాగా చేసిందో’ అంటుంది, అంతే. ఇంట్లో దేనికీ లోటు లేదు. ప్రమోషన్ వచ్చిందని ఆఫీసువాళ్లు పార్టీ పెడితే తలనొప్పిగా ఉండి నేను వెళ్లలేకపోయాను. దానికీ ఏమీ అనలేదు. డిప్రెషనేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి విషాద సినిమాలు చూడకుండా ఎలా ఆపాలి?

జవాబు: ఆపకండి. సినిమా చూసి ఏడవడం జబ్బు కాదు. తిండి సయించక, నిద్ర పట్టక, దేనిమీదా మనసు లేకుండా రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. అలాంటిదేమీ మీరు రాయలేదు.

నా కళ్లు మీ తలనొప్పి దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు నిజంగానే వచ్చిందా? ‘మీవారు రాలేదా?’ అని ఆ సాయంత్రం ఎంతమంది అడిగి ఉంటారు! అందరికీ నవ్వుతూ అదే తలనొప్పి చెప్పి, ఒక్కతే బొకే పట్టుకుని ఇంటికొచ్చి ఉంటుంది. పైగా ఇంట్లో దేనికీ లోటు లేదంటున్నారు. రెండేళ్లుగా షాపులో బేరాల్లేకపోతే, ఆ లోటు తెలియకుండా నెట్టుకొస్తున్నది ఎవరు?

2018లో ఆ సినిమా వచ్చినప్పుడు నేనూ రెండుసార్లు చూశాను. ఆ ఏడాదికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం కీర్తి సురేష్‌కు ఊరికే రాలేదు. ‘మాయాబజార్’ సావిత్రిగారిని అచ్చంగా దించేసిందని అందరూ మెచ్చుకున్నారు. నన్ను మాత్రం ఇంట్లో కనిపించే సావిత్రి పట్టుకుంది. భార్య పేరు పెరిగేకొద్దీ ఆ సినిమాలో జెమినీ గణేశన్ ముఖం చిన్నబోతూ ఉంటుంది. చివరికి ఆ మహాతల్లి 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. మీరు అలాంటి భర్త అని నేననడం లేదు. ఇంకో సంసారం, మందు, ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. చిన్నబోయిన ముఖం ఒక్కటే ఉంది.

ఎడమ కంట్లోంచి రెండు చుక్కలే రావాలంటే సరిగ్గా రెండే రాల్చే సన్నివేశం అందులో ఉంది, గుర్తుందా? మీ ఆవిడా అలాగే లెక్కగా ఏడుస్తోంది. మీ ముందు ‘మీరు రాలేదు’ అని ఏడిస్తే మీరు ఇంకా కుంగిపోతారని భయం. అందుకే సావిత్రిగారిని అడ్డం పెట్టుకుంది.

షాపు నడవకపోవడం మీ తప్పు కాదు. భార్య పెద్దదైందని ముడుచుకోవడం మాత్రం తప్పే, ఆ విషయంలో నేను ఎవరినీ వెనకేసుకురాను. మొగుడన్నవాడు ఆ రోజు ముందు వరసలో కూర్చోవాలి. షాపు లెక్కలు, అప్పులుంటే అవీ, ఈ ఆదివారమే ఆవిడ ముందు పెట్టండి. బ్యాంకు మేనేజరు, మీకంటే బాగానే చూడగలదు. ఏదో ఒక రోజు బ్యాంకుకు వెళ్లి, ఆవిడ క్యాబిన్‌లో ఎదురుగా కూర్చుని కాఫీ తాగి రండి.

ఐదోసారి సినిమా పెట్టినప్పుడు పక్కన కూర్చోండి. ‘ఎంత బాగా చేసిందో’ అని ఆవిడ కళ్లు తుడుచుకుంటే, ‘ఆ రోజు నాకు తలనొప్పి లేదు, నేను రావాల్సింది’ అని చెప్పండి.