కంపెనీ దగ్గర పోగుపడిన డేటాను పనికొచ్చే జ్ఞానంగా మార్చి నిర్ణయాలు తీసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

మీరు అడిగింది సాఫ్ట్‌వేర్ గురించి. నాకు తెలిసింది గడ్డివాముల గురించి. ఓపికుంటే చదవండి.

కొన్నేళ్ళ కిందట కృష్ణా డెల్టాలో ఒక ప్రైవేటు డెయిరీకి సూపర్‌వైజరుగా చేశాను. నా కింద పదకొండు ఊళ్ళ పాలకేంద్రాలు. రెండు పూటలా ఒక్కో రైతు పోసిన లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (నీళ్ళూ వెన్నా పోగా పాలలో మిగిలే ఘనపదార్థాల శాతం) మిషన్‌లో పడి రాత్రికల్లా హెడ్డాఫీసుకు చేరేవి. అక్కడ ఏసీ గదిలో పెద్ద తెర. ఏ ఊరు ఎర్రగా కనిపిస్తే ఆ ఊరి సూపర్‌వైజరుకు తిట్లు.

ఒక ఫిబ్రవరిలో నా ఊరొకటి ఎర్రబడింది. గేదె పాలకు ఫ్యాట్ 6.8 వచ్చే చోట 5.9కి దిగింది. లీటర్లేమో పెరిగాయి. "పాలు పెరిగి వెన్న తగ్గిందంటే ఇంకేముందయ్యా, నీళ్ళు కలుపుతున్నారు. కేంద్రం మూసేస్తామని నోటీసిచ్చేస్తున్నాం" అన్నారు మేనేజరు గారు.

ఎస్‌ఎన్‌ఎఫ్ మాత్రం 9 దగ్గర కదలకుండా ఉంది. నీళ్ళు కలిస్తే రెండూ పడాలి. పాలలో పదోవంతు నీళ్ళుంటే ఆ 9 కాస్తా 8.1 అవుతుంది. కేంద్రంలో పాలు పోయించుకునే కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ తెర మీద ఎస్‌ఎన్‌ఎఫ్‌కు చోటే లేదు. ఆ తెరకు రంగులు ఎంచడానికి మూడు మీటింగులు పెట్టారు, నేనూ వెళ్ళాను, సమోసాలు బాగున్నాయి. పాలు పితికేవాళ్ళను గానీ పోయించుకునేవాళ్ళను గానీ ఒక్కదానికీ పిలవలేదు.

వెన్న తీసి పోస్తున్నారేమో అంటారా? వెన్న తీస్తే లీటర్లెలా పెరుగుతాయి? పైగా అరవై ఇళ్ళవాళ్ళు కూడబలుక్కుని ఒకే నెలలో తీస్తారా?

పాలు పోసే రైతుల జాబితా ప్రింటు తీసుకుని ఆ ఊరెళ్ళాను. మొదటి ఇంట్లోనే ఒక ముసలమ్మ తేల్చేసింది. "పచ్చిమేతొక్కటే పెడితే పాలొస్తాయి గానీ వెన్నెక్కడిది నాయనా? గడ్డేదీ? వరి అంతా మిషను కోసిపోయింది." ఆ ఏడు కూలీలు దొరక్క ఊరంతా కోత మిషను పెట్టించారు. నలిగిన గడ్డి పొలంలోనే పడింది, చాలామంది తగలబెట్టేశారు. గేదెలకు మిగిలింది పిల్లిపెసర, జనుము లాంటి పచ్చిమేతే. పీచు తక్కువున్న మేతకు పాలు బాగానే వస్తాయి, వెన్న పడిపోతుంది.

ముసలమ్మ మాటే ఆఫీసుకు చెబితే నవ్వుతారు. అందుకే ఇల్లిల్లూ తిరిగి, దొడ్లో గడ్డివామి ఉంటే పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. రెండు కుక్కలు తరిమాయి, నాలుగిళ్ళల్లో టీ తాగాను. సాయంత్రం కేంద్రం అరుగు మీద కూర్చుని ఫ్యాట్ అంకెలతో సరిచూస్తే, వామి ఉన్న పద్నాలుగు ఇళ్ళల్లో పదమూడింటికి ఫ్యాట్ ఎప్పటిలాగే ఉంది. లేనివాళ్ళందరికీ పడిపోయింది. ఆ పద్నాలుగో ఆయనకు ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా తక్కువే. ఆయన నిజంగానే నీళ్ళు కలుపుతున్నాడు.

మీరు జ్ఞానం అంటున్నది నా లెక్కలో ఆ టిక్కులే. అవి ఏ సర్వర్‌లోనూ లేవు. మాకు ట్రైనింగ్‌లో పిరమిడ్ బొమ్మొకటి చూపించేవారు. అడుగున డేటా, పైన సమాచారం, ఆ పైన జ్ఞానం. అడుగునున్నది పోగేస్తే పైది దానంతటదే తేలుతుందనే భ్రమ ఆ బొమ్మతోనే పట్టుకుంటుందని నా గట్టి నమ్మకం. మా తెరను ఇంకో పదేళ్ళు చూసినా అందులో గడ్డి కనిపించేది కాదు.

ఆ రాత్రే ఆఫీసుకు మెయిల్ పెట్టాను. అప్పటికే నోటీసు వెళ్ళిపోయింది. బతిమాలితే మూసెయ్యడం మాత్రం ఆపారు. తిరుగు లారీలో మెట్ట ఊళ్ళ నుంచి చొప్పయినా తెప్పిద్దామంటే "అది మన పని కాదు" అన్నారు.

తర్వాతి కోతలకు ఊరివాళ్ళే చందాలేసుకుని బేలర్ అద్దెకు తెచ్చారు. మిషను వెనకే గడ్డంతా కట్టలు కట్టించి దొడ్లకు చేర్చుకున్నారు. ఫిబ్రవరికి ఫ్యాట్ 6.6. తెర మీద ఊరు పచ్చబడింది. నెలాఖరు మీటింగులో మేనేజరు గారు ఆ గడి చూపించి, పోయినేడు ఇచ్చిన నోటీసు ఎంత బాగా పనిచేసిందో చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.