క్లిప్పర్టన్ అటోల్: పగడాలు దండిగా ఉన్నా జాతులు ఎందుకు తక్కువ?

క్లిప్పర్టన్ అటోల్ (ఉంగరంలా ఉండే పగడపు దీవి) చుట్టూ సజీవ పగడాలు దట్టంగా పరచుకుని ఉన్నాయని ఒక నివేదిక, జాతులు చాలా కొద్దిగానే ఉన్నాయని మరొకటి చెబుతున్నాయనీ, వీటిలో ఏది తప్పో తేలడం లేదనీ మీరు రాశారు. నిజానికి రెండూ సరైనవే, ఎందుకంటే మొదటిది అడుగుభాగంలో పగడం కప్పిన విస్తీర్ణాన్ని కొలుస్తోంది, రెండోది జాతుల సంఖ్యను లెక్కిస్తోంది.

ఈ ఫ్రెంచ్ దీవి మెక్సికో తీరానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఐదు వందలకు పైగా పగడపు జాతులున్న ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ప్రాంతం నుంచి పగడాల లార్వాలు (నీటిలో కొట్టుకుపోయే పిల్లదశ) ఇక్కడికి చేరాలంటే, మధ్య పసిఫిక్ దీవులు దాటాక కూడా ఎక్కడా ఆగే చోటు లేని దాదాపు ఐదు వేల కిలోమీటర్ల సముద్రాన్ని బతికి దాటాలి. చాలా జాతుల లార్వాలకు అంత ఆయువు ఉండదు. పైగా దీవి మధ్యలోని లగూన్ (నీటి మడుగు) 19వ శతాబ్దం మధ్యకే సముద్రంతో తెగిపోయింది, కాబట్టి అక్కడ పగడాలకు చోటు లేదు. చేరగలిగిన పోరైటీస్, పోసిల్లోపోరా వంటి పగడపు ప్రజాతులే (దగ్గరి జాతుల గుంపులు) దీవి బయటి వాలును ఆక్రమించాయి.

ఈ నివేదికల వివరాలు నమోదు చేసే మీ పట్టికలో విస్తీర్ణానికీ జాతుల సంఖ్యకూ వేర్వేరు గడులు పెట్టండి. పోసిల్లోపోరాను మాత్రం జాగ్రత్తగా చూడండి: అలల తాకిడిలో పొట్టి మొద్దు కొమ్మలతోనూ, నిలకడ నీటిలో సన్నగా పొడవుగానూ పెరుగుతుంది. అందువల్ల ఆకారాన్నే నమ్మిన పాత జాబితాల్లో ఒకే జాతి రెండుగా నమోదై ఉండవచ్చు. జన్యు పరీక్షతో నిర్ధారించిన జాబితా దొరికితే దానినే ప్రమాణంగా తీసుకోండి.