స్టెరాయిడ్లూ హార్మోన్ మాత్రలూ ఒకేసారి రాసినప్పుడు

చిరంజీవి రాధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. లూపస్‌కు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 30 మిల్లీగ్రాములు మొదలైందనీ, నెలసరి గాడిలో పడడానికి హార్మోన్ మాత్రలు కూడా రాశారనీ, అవి ఇంకా మొదలుపెట్టలేదనీ రాశావు. మొదలుపెట్టకపోవడమే మంచిదైంది. రెండూ ఒకే వారంలో మొదలైతే తలనొప్పి ఏ మందు వల్లో, చిరాకు ఏ మందు వల్లో ఎవరూ చెప్పలేరు. తొందర లేకపోతే హార్మోన్ మాత్రలు కొన్ని వారాలు ఆగి మొదలుపెట్టవచ్చా అని అడుగు. పైగా ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ కలిసిన మాత్రలు వేసుకుంటే ప్రెడ్నిసొలోన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. అంటే అదే డోసు కాస్త పెద్ద డోసులా పనిచేస్తుంది. రాసిన డాక్టర్లు వేర్వేరు కాబట్టి ఒకరి చీటీ ఇంకొకరికి నువ్వే చూపించాలి. అన్నిటికన్నా ముందు, రక్తం గడ్డకట్టే స్వభావం ఉందేమో చూసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష అయిందో లేదో కనుక్కో. అది పాజిటివ్ అయితే ఈస్ట్రోజెన్ వద్దు, రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. ఈస్ట్రోజెన్ లేని దారులు ఉన్నాయి, అవి అడుగు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. తేదీ, ఆ రోజు డోసు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలు నిద్రపోయావు, నెలసరి ఎన్నో రోజు, ఏం ఇబ్బంది, అంతే. వారానికోసారి ఉదయం బరువు, బి.పి. రెండు వారాలకోసారి ఒకే వెలుతురులో ముఖం ఫోటో. "ఒంట్లో బాగాలేదండీ" అంటే "టెన్షన్ పడకమ్మా" అనే జవాబే వస్తుంది, ఆడవాళ్లకు మరీను. "డోసు 20 నుంచి 30కి పెంచిన నాలుగో రోజు నుంచి రాత్రి మూడు గంటలే నిద్ర" అంటే డాక్టరు ఆగి వింటారు. అప్పటికీ కొట్టిపారేస్తే గొడవ పడకు. "ఇది మందు వల్ల కాకపోతే ఇంకేం కావచ్చు? తేలాలంటే ఏ పరీక్ష చేయాలి?" అని అడిగి జవాబు వాళ్లముందే రాసుకో.

ప్రెడ్నిసొలోన్ రోజుకు ఒక్కసారి అని రాసి ఉంటే ఉదయం తిన్న వెంటనే వేసుకో. మన ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్, కార్టిసాల్, తెల్లవారుజామున ఎక్కువగా ఊరుతుంది, ఉదయపు మాత్ర ఆ లయకు దగ్గరగా ఉంటుంది. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. నొప్పి తగ్గలేదని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కలపకు, కడుపులో పుండు పడేది ఎక్కువగా ఈ జోడీ వల్లే.

షుగర్ విషయంలో చాలామంది మోసపోతారు. ఉదయం మాత్ర వేసుకుంటే షుగర్ పెరిగేది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. తెల్లారేసరికి మళ్లీ మామూలుగా కనిపించవచ్చు. కాబట్టి పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని బాగుందనుకోకు, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు కూడా చూపించుకో.

ముఖం గుండ్రం కావడం, బుగ్గల మీద నూగు, మొటిమలు చూసి బెంగపడతావు. చూసేవాళ్ల మాటలు మందుకన్నా ఎక్కువ బాధపెడతాయి. ఇవి డోసు తగ్గాక నెలల్లో చాలావరకు వెనక్కి పోతాయి. ఉప్పు తగ్గిస్తే ఉబ్బు కొంత తగ్గుతుంది. ఆకలి మాత్రం నిజంగానే మందు పెట్టే ఆకలి, నీ మనోబలం లోపం కాదు. నేనైతే అద్దంలో కనిపించని వాటికే ఎక్కువ భయపడమంటాను. ఎముక అందులో మొదటిది. స్టెరాయిడ్ మొదలైన 3 నుంచి 6 నెలల్లోనే ఎముక వేగంగా పలచబడుతుంది, నొప్పి ఉండదు, తెలియదు. మూడు నెలలు దాటి వాడాల్సి వస్తుందంటే ఎముక సాంద్రత పరీక్ష అడుగు. తిండీ మాత్రలూ కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం, 600 నుంచి 800 యూనిట్ల విటమిన్ డి అందాలి. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ కూడా ఎముక సాంద్రతను తగ్గిస్తుంది, నీకు అది ఎవరైనా సూచిస్తే ఈ మాట గుర్తుచెయ్యి. రెండోది తొడ కండరం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నావా అని వారానికోసారి చూసుకో. నొప్పి లేకుండా బలం తగ్గుతుంటే అది స్టెరాయిడ్ పని కావచ్చు. మూడోది కన్ను, శుక్లం, గ్లాకోమా (కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) రెండూ రావచ్చు కాబట్టి ఏడాదికోసారైనా చూపించుకో.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత చెప్పి మాత్రలు మాన్పించేవాళ్లు నీ చుట్టూ చేరతారు. వాళ్ల మాట విని ఒక్కరోజులో మానేయడమే అసలు ప్రమాదం. మూడు, నాలుగు వారాలు దాటి వాడాక మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ తయారు చేయడం తగ్గించేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు రోజుకు తయారు చేసుకునేది దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. అందుకే 30 నుంచి 20కి దిగడం సులువుగా ఉంటుంది, 7.5 కిందికి వచ్చాకే కష్టం, ఆ గ్రంథులు మళ్లీ పని అందుకోవాల్సింది అక్కడే. ఆ దశలో నెలకు 1 మిల్లీగ్రాము చొప్పున తగ్గించినా అది నత్తనడక అనుకోకు. ఒళ్లు నొప్పులు, నిస్సత్తువ, వికారం వస్తే జబ్బు తిరగబెట్టిందా, డోసు దిగడం వల్లా అన్నది డాక్టరే తేల్చాలి. నోటుబుక్కు అప్పుడు బాగా అక్కరకొస్తుంది.

వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే, దానికితోడు కళ్లు తిరుగుతుంటే ఇంట్లో ఉండకు, ఆసుపత్రికి వెళ్లు. స్టెరాయిడ్ వాడుతున్నానని, డోసుతో సహా రాసిన కాగితం పర్సులో పెట్టుకో. పన్ను పీకించుకున్నా ముందే చెప్పు. జ్వరాన్ని కూడా ఈ మందు కప్పేస్తుంది, కాబట్టి జ్వరం లేదు కదా అని ఇన్ఫెక్షన్‌ను తేలిగ్గా తీసుకోకు. దుకాణంలో మందు మార్చి వేరే స్టెరాయిడ్ ఇస్తే అంకె ఒక్కటే చూసి వేసుకోవద్దు. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు 4 మిథైల్‌ప్రెడ్నిసొలోన్, 6 డెఫ్లాజాకార్ట్, సుమారు 0.75 డెక్సామెథాసోన్ సమానం.

ఇక హార్మోన్ మాత్రల సంగతి. వికారం, రొమ్ముల సలపరం, మధ్యలో మరకలు మొదటి మూడు నెలల్లో మామూలే, చాలామందికి తర్వాత సర్దుకుంటాయి. సర్దుకోకపోతే మాత్ర మార్చమనవచ్చు, అన్ని మాత్రల్లో ప్రొజెస్టోజెన్ (వాటిలోని రెండో హార్మోన్) ఒకటి కాదు. మనసు పదేపదే కుంగిపోతుంటే మూడు నెలలు ఆగక్కర్లేదు. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పుట్టడం, ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, చూపు ఉన్నట్టుండి మందగించడం, ఎన్నడూ లేనంత తలపోటు, వీటిలో ఏది వచ్చినా హార్మోన్ మాత్ర ఆపి (స్టెరాయిడ్ కాదు) అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. మైగ్రేన్‌కు ముందు కళ్లముందు వంకరగీతలు, మెరుపులు కనిపించే అలవాటుంటే ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలే పెట్టకూడదు. మామూలు యాంటీబయాటిక్‌తో గర్భనిరోధక మాత్ర పనిచేయదని భయపెడుతుంటారు. ఆ భయం క్షయకు వాడే రిఫాంపిసిన్‌కు, ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్, ఫెనిటోయిన్ లాంటి కొన్నిటికి నిజం.

నెలసరి వాయిదా వేయడానికి నోరెథిస్టెరోన్ అనే హార్మోన్ మాత్రల స్ట్రిప్పు చేతులు మారుతూ ఉంటుంది. అందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఆ డోసులో అది గర్భనిరోధకం కూడా కాదు. నీ జబ్బుతో, డాక్టరుకు చెప్పకుండా దాన్ని ముట్టుకోకు.

వచ్చేసారి వెళ్లినప్పుడు, స్టెరాయిడ్ డోసు తగ్గించుకోవడానికి తోడుగా వేరే మందు ఉందా అని అడుగు. మెథోట్రెక్సేట్ పేరు చెబితే, బిడ్డ కావాలనుకునే ఆలోచన ఉందో లేదో అక్కడే చెప్పెయ్యి, గర్భంతో ఆ మందు పనికిరాదు. ప్రెడ్నిసొలోన్ స్ట్రిప్పులో వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొత్తది తెప్పించుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ