జూలైకే టైమ్‌టేబుల్ తప్పుతోందన్న సిస్టర్‌కు

వందనాలు సిస్టర్. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతుంటే వానలు, చుట్టాలు, ప్రార్థన కూడికలతో జూలైకే టైమ్‌టేబుల్ గాడి తప్పుతోందన్నారు. తారీఖులు కొట్టేసి పాఠాలకు వరుస నంబర్లు వేయండి. ఆగిన చోటే మళ్లీ ఎత్తుకోవచ్చు. ఆరు వారాలు చదివించి ఏడో వారం ఖాళీగా వదిలేయండి. జ్వరాలొచ్చి వెనకబడ్డ లెక్కలన్నీ అందులో సర్దుకుంటాయి. పొద్దున్నే బైబిల్లోని సామెతల గ్రంథం పెట్టండి. 31 అధ్యాయాలు కదా, ఆ రోజు తేదీ ఏదైతే ఆ అధ్యాయం. పెద్దవాడు పైకి చదివితే, చిన్నది ఒక్క వచనం చూచిరాత రాస్తుంది. తెలుగు రాతా కుదురుతుంది. డిసెంబర్‌లో క్రిస్మస్ పాటలు, స్టార్ తయారీ చాలు, ఎలాగూ ఇంకేం సాగదు. ఒడియా మాత్రం వదలొద్దు, బజారు బోర్డులు చదివించండి. పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ఉంది, 14 ఏళ్లు నిండాలి. టెన్షన్ పడకుండా బర్త్ సర్టిఫికెట్‌లో పేర్లు సరిచూసుకోండి.